బాప్తిస్మము తరువాత చేసిన పాపము, దేవుని కృప

ప్రభువునందు ప్రియమైన సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనాలు.

రక్షణ పొందక ముందు చేసిన పాపాలను గురించి మన సంఘాలలో ధారాళంగానే మాట్లాడుకుంటాం. నేను తాగుబోతునై తిరిగాను, పేకాటలో పొలం పోగొట్టుకున్నాను, ప్రభువు నన్ను లేవనెత్తాడు అని సాక్ష్యం చెప్పడానికి ఎవరూ జంకరు. విన్నవారు దేవునికి స్తోత్రం అంటారు. అయితే బాప్తిస్మం తీసుకొని పది పన్నెండేళ్లు గడిచాక, గాయక బృందంలో పాడుతున్న రోజుల్లోనే, సండే స్కూలు పిల్లలకు వాక్యం నేర్పుతున్న రోజుల్లోనే తాను చేసిన పాపాన్ని గురించి సాక్ష్యమిచ్చినవారిని మనలో ఎందరు విన్నారు? అటువంటి పాపాలు సంఘంలో ఉన్నాయని అందరికీ తెలుసు. వాటిని చెప్పుకొనే చోటే లేదు. బయటివానికి ఉచితమని ప్రకటించే క్షమాపణ, లోపలికి వచ్చినవాని విషయంలో మాత్రం సత్ప్రవర్తన చూపి సంపాదించుకోవలసిన వస్తువుగా మారిపోతున్నది. ఈ మార్పుకు వాక్యంలో ఆధారం లేదని, విశ్వాసిని మొదట చేర్చుకున్న కృపే అతడు పడిపోయిన తరువాత కూడా అతని వెంట వస్తుందని, అయితే ఆ కృప పాపాన్ని కప్పిపెట్టకుండా వెలుగులోకి తెచ్చి మాన్పుతుందని ఈ సాయంకాలం మీ ముందు ఉంచదలచాను.

ఈ మార్పు కంటికి కనబడే సమయం ఒకటి ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల జరిగేటప్పుడు వెనుక వరుసల వైపు చూడండి. రొట్టె పళ్లెం తమ దగ్గరికి వచ్చేసరికి తల వంచుకొని, పక్కవారికి అందించి ఊరుకునేవారు కనబడతారు. కొందరు ప్రసంగం ముగియగానే ఫోన్ వచ్చినట్లుగా లేచి, బయట చెప్పులు విడిచిన చోటికి వెళ్లి, ఆశీర్వాద వచనం వినిపించేదాకా అక్కడే నిలబడతారు. అడిగితే, "ఈ నెల నేను యోగ్యంగా లేనండి" అంటారు. ఆ మాటలో దైవభయం ఉంది, దానిని తేలికగా తీసిపారేయకూడదు. అయోగ్యంగా తిని తాగేవాడు ప్రభువు శరీరాన్ని గూర్చి, రక్తాన్ని గూర్చి అపరాధి అవుతాడని పౌలు కొరింథు సంఘానికి రాసిన హెచ్చరిక ఎంతో గంభీరమైనది. కాని అక్కడే ఆయన ఇచ్చిన ఆజ్ఞను చివరిదాకా చదవాలి: "కాబట్టి ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకొని లేచిపొమ్మని ఆయన అనలేదు. కొరింథులో ఆయన ఖండించిన అయోగ్యత ఏమిటో కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. కలిగినవారు ముందుగా కూర్చుని తమ భోజనం తాము తినేసేవారు, కొందరు మత్తులయ్యేవారు, లేనివారు ఆకలితోనే మిగిలిపోయేవారు. పేద సహోదరుణ్ణి సిగ్గుపరచి, ఆ సంగతి మనసుకు తట్టనైనా తట్టకుండా రొట్టె విరిచేవానికి ఆ హెచ్చరిక సూటిగా తగులుతుంది. తన పాపాన్ని తలచుకొని కుమిలిపోతున్నవాడు దానిని తనకు అన్వయించుకొని బల్లకు దూరంగా జరిగితే, ఎవరి కోసం ఆ రొట్టె విరువబడిందో వారే ఆకలితో వెళ్లిపోయినట్లవుతుంది. పాపాన్ని వదిలేది లేదని మనసులో నిశ్చయించుకున్నవాని సంగతి వేరు. అతని విషయానికి తరువాత వస్తాను.

ఇలా దూరంగా జరిగేవారి ఆలోచన నాకు అర్థమవుతుంది. చుట్టాలు వస్తున్నారంటే గబగబా ఇల్లు సర్దుకున్నట్లు, దేవుని ఎదుటికి వెళ్లే ముందు మనసు సర్దుకోవాలనుకుంటాం. ఒక నెల ఆ పాపం జోలికి పోకుండా ఉండి, ఉపవాసం చేసి, డిసెంబరు 31 రాత్రి కూడికలో కొత్త తీర్మానం చేసుకొని, అప్పుడు క్షమాపణ అడుగుదామనుకుంటాం. ఆ నెల పూర్తికాకుండానే మళ్లీ పడతాం. పడిన ప్రతిసారీ గడువు ఇంకా ముందుకు జరుగుతుంది. కొన్నేళ్లకు ఆ మనిషి ఆరాధనకు వస్తూనే ఉంటాడు, పాటలు పాడుతూనే ఉంటాడు, దేవునితో మాత్రం మాట్లాడడం మానేస్తాడు.

అపొస్తలుడైన యోహాను తన మొదటి పత్రికలో ఈ మనిషితోనే మాట్లాడాడు. ఆ పత్రిక అన్యులకు రాసినది కాదు. "నా చిన్నపిల్లలారా, మీరు పాపము చేయకుండుటకై యీ సంగతులను మీకు వ్రాయుచున్నాను. ఎవడైనను పాపము చేసినయెడల నీతిమంతుడైన యేసుక్రీస్తు అను ఉత్తరవాది తండ్రియొద్ద మనకున్నాడు." ఈ రెండు వాక్యాలనూ విడదీస్తే రెండూ చెడిపోతాయి. పాపం చేయకూడదన్న మొదటి మాటను మాత్రమే పట్టుకున్న బోధ విశ్వాసిని దాక్కునేలా చేస్తుంది. ఉత్తరవాది, అంటే మన పక్షాన వాదించేవాడు, ఉన్నాడన్న రెండవ మాటను మాత్రమే పట్టుకున్న బోధ అతణ్ణి నిర్లక్ష్యంలోకి నెడుతుంది. యోహాను రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పాడు. పైగా, "పాపము చేసినవానికి" ఉత్తరవాది ఉన్నాడని ఎవరో మూడవ వ్యక్తిని గురించి అన్నట్లు అనలేదు. తనను కూడా కలుపుకొని "మనకున్నాడు" అన్నాడు. యేసు రొమ్మున ఆనుకొని కూర్చున్న శిష్యుడు, వృద్ధాప్యంలో, తనకూ ఆ ఉత్తరవాది కావాలని ఒప్పుకుంటున్నాడు.

ఆ ఉత్తరవాది మన తరఫున ఏమని వాదిస్తాడు? మనం అంత చెడ్డవాళ్లం కాదని వాదించడు. మన పరిస్థితులు అలాంటివని కూడా వాదించడు. మన పాపాలకు ఆయనే శాంతికరమై, అంటే ప్రాయశ్చిత్త బలియై, ఉన్నాడని తరువాతి వచనం చెబుతున్నది. కాబట్టి ఆయన వాదం తన సొంత రక్తం మీద నిలుస్తుంది. అందువల్లనే మొదటి అధ్యాయం తొమ్మిదవ వచనంలో, మన పాపాలను ఒప్పుకుంటే దేవుడు "నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" క్షమిస్తాడని ఉంది. కనికరం గలవాడు గనుక అని ఉండవలసిన చోట నీతిమంతుడు గనుక అని ఉండడం నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. వెల చెల్లించబడిన పాపానికి మళ్లీ వెల అడగడం న్యాయం కాదు. విశ్వాసి క్షమాపణ దేవుని మనోభావం ఆ పూట ఎలా ఉన్నదన్న దానిమీద ఆధారపడి లేదు. అది ఆయన నీతి మీద, గొల్గొతాలో ముగిసిపోయిన కార్యం మీద నిలబడి ఉంది. దీనిని నమ్మడం, కృపను ఏదో ఒక మెత్తని భావంగా నమ్మడం కంటే చాలా కష్టం.

ఈ ప్రశ్నతో తొలి సంఘం ఎంతగా పెనుగులాడిందో తెలిస్తే, మన గందరగోళం కొత్తది కాదని అర్థమవుతుంది. బాప్తిస్మం అంతకు ముందున్న పాపాలన్నిటినీ కడిగివేస్తుంది, సరే. తరువాత చేసిన వాటి సంగతేమిటి? ఈ భయంతో చాలామంది బాప్తిస్మాన్నే వాయిదా వేసేవారు. క్రైస్తవులకు స్వేచ్ఛనిచ్చిన చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కూడా 337లో, మరణ పడక మీద గాని బాప్తిస్మం పొందలేదు. దానికంటే ముందే, కార్తేజీ నగరంలో, అంటే నేటి ట్యునీషియా తీరంలో, ఈ ప్రశ్న పుస్తకాలలో నుండి వీధిలోకి వచ్చింది.

249లో రోమా చక్రవర్తి అయిన డెసియస్, సామ్రాజ్యంలోని ప్రజలు దేవతలకు బలి అర్పించాలని, అర్పించినట్లు అధికారుల చేత పత్రం రాయించుకోవాలని ఆజ్ఞాపించాడు. రోమా సంఘ బిషప్పు ఫాబియన్ 250 జనవరిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ పత్రాలు నలభైకి పైగా ఐగుప్తులో పపైరస్ ముక్కలుగా నేటికీ దొరికాయి. అన్నిటిలోనూ దాదాపు ఒకే మాటలు: నేను ఎల్లప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ సమక్షంలో పానార్పణం పోసి, బలి అర్పించి, బలిమాంసం రుచి చూశాను, దయచేసి ధ్రువీకరించండి. ఒక పత్రంలో అర్జీదారు 72 ఏళ్ల వృద్ధుడని, కుడి కనుబొమ మీద మచ్చ ఉన్నదని గుర్తు రాశారు. ఆ ముసలాయన ఏ దేవుణ్ణి నమ్మాడో మనకు చెప్పే ఆధారం లేదు. ఆజ్ఞ అందరికీ ఒకటే. కాని అలాంటి కాగితం కోసం వరుసలో నిలబడినవారిలో క్రీస్తునందు బాప్తిస్మం పొందినవారు ఎందరో ఉన్నారు. కార్తేజీ బిషప్పు సిప్రియన్ ఆ దృశ్యాన్ని రాసి ఉంచాడు: బలవంతం చేయకముందే జనం పరుగెత్తారు, పొద్దుపోయింది రేపు రమ్మని అధికారులు అంటే, ఈ రోజే కానివ్వండని బతిమాలుకున్నవారు ఉన్నారు.

హింస తగ్గింది. పడిపోయినవారు ఏడుస్తూ సంఘం తలుపు దగ్గరికి వచ్చారు. కొందరు నిజంగా బలి అర్పించినవారు, కొందరు ధూపం మాత్రం వేసినవారు, కొందరు ఏదీ చేయకుండా లంచమిచ్చి కాగితం కొనుక్కున్నవారు. చెరసాలలో హింసలు భరించి నిలబడిన విశ్వాసులకు ఎంతో గౌరవం ఉండేది గనుక, వారి దగ్గర సిఫారసు ఉత్తరాలు తెచ్చుకున్నవారు వచ్చి, మమ్మల్ని వెంటనే చేర్చుకోండని పట్టుబట్టారు. "ఫలానావాణ్ణి అతనివారితో సహా చేర్చుకొనండి" అని కూడా కొన్ని ఉత్తరాలలో ఉండేది. ఆ "వారు" ఎందరో, ఎవరో ఎవరికి తెలుసు అని సిప్రియన్ విసుక్కున్నాడు. సిఫారసు ఉత్తరానికి ఉన్న విలువ మనకు వివరించి చెప్పనక్కరలేదు.

రోములో నొవేషియన్ అనే పండితుడైన పెద్ద ఇంకొక కొసకు వెళ్లాడు. 251లో కొర్నేలియస్ బిషప్పుగా ఎన్నికైతే, అతనికి పోటీగా తానూ బిషప్పుగా అభిషేకం చేయించుకొని, బలి అర్పించినవారిని సంఘం ఎన్నటికీ తిరిగి చేర్చుకోరాదన్నాడు. అతని వాదన తెలివితక్కువది కాదు. దేవుడు అటువంటివారిని క్షమించలేడని అతడు అనలేదు. వారు జీవితమంతా పశ్చాత్తాపపడుతూ దేవునికి విడిచిపెట్టుకోవలసిందే గాని, నీవు క్షమించబడ్డావని ప్రకటించే అధికారం సంఘానికి లేదన్నాడు. అయితే పడిపోయినవాడు ఆ క్షమాపణ మాటను ఎవరి నోట వినాలి? దేవుడు క్షమిస్తాడేమో, మేము మాత్రం పలకరించము అనే సంఘం ఏ సువార్త ప్రకటిస్తున్నట్టు? నొవేషియన్ పేరు మన ఊళ్లలో ఎవరికీ తెలియకపోయినా, ఆయన అనుచరులు మనలో తక్కువేమీ కాదు.

సిప్రియన్ ఈ రెండు కొసలనూ కాదన్నాడు. ఆయనకు కూడా ఆ పరిస్థితి సులువైనది కాదు. హింస కాలంలో ఆయన నగరం విడిచి దాగి ఉండి, ఉత్తరాల ద్వారా సంఘాన్ని నడిపాడు, దానికి మాటలు పడ్డాడు. 251లో కార్తేజీలో బిషప్పులు సమావేశమై, కాగితం కొనుక్కున్నవారిని ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవచ్చునని, బలి అర్పించినవారు పశ్చాత్తాపంలో కొనసాగుతూ ఉంటే మరణ సమయంలో చేర్చుకోవచ్చునని తీర్మానించారు. కొద్ది కాలానికి మరొక హింస ముంచుకొస్తున్నదని తోచినప్పుడు, ఆ గడువునే ఎత్తివేసి, పశ్చాత్తాపపడుతున్నవారందరినీ వెంటనే బల్లకు చేర్చుకున్నారు. అప్పుడు వారు చెప్పిన కారణం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది: క్రీస్తు కోసం రక్తం కార్చడానికి సిద్ధపడండని వీరికి చెబుతూ, క్రీస్తు రక్తపు పాత్రను వీరికి ఎలా నిరాకరిస్తాం? బలవంతులు కాగానే బల్లకు రమ్మనలేదు; బలం పొందడానికే బల్లకు రమ్మన్నారు. ఆ సిప్రియనే 258 సెప్టెంబరు 14న ఖడ్గానికి మెడ వంచాడు.

నొవేషియన్ సంఘం తరువాత చాలాకాలం నిలిచింది. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ, ఆ పక్షం నుండి తిరిగి రాగోరే కాపరులు, హింసలో పడిపోయి పశ్చాత్తాపపడినవారితో సహవాసం చేస్తామని లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలని నిబంధన పెట్టింది. ఆ సభలోనే ఆ పక్షపు బిషప్పు అకేసియస్ తన కఠిన నియమాన్ని వివరించగా, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి, "అయితే నీవొక నిచ్చెన వేసుకొని ఒక్కడివే పరలోకానికి ఎక్కు" అన్నాడని సంఘ చరిత్రకారుడు సోక్రటీస్ రాశాడు.

సిప్రియన్ కాలంలో జనం ప్రాణభయంతో క్రీస్తును ఎరుగమన్నారు. అదే మాట మొదట అన్నవాడు పేతురు. అతడు పడకముందే ప్రభువు అతనితో అన్న మాట లూకా సువార్త ఇరవై రెండవ అధ్యాయంలో ఉంది: "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని, నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుమని చెప్పెను." కోడి కూయడానికి ముందే ప్రార్థన జరిగిపోయింది. పడకుండా ఆపమని ప్రభువు వేడుకొనలేదు. పడినా విశ్వాసం ఆరిపోకూడదని వేడుకున్నాడు, తిరిగి రావడాన్ని సందేహం లేని సంగతిగా చెప్పి, వచ్చాక చేయవలసిన పని కూడా అప్పుడే అప్పగించాడు. విశ్వాసి పాపం చేసిన రాత్రి దేవుడు ఉలిక్కిపడి, వీడినా నేను చేర్చుకున్నది అని తల పట్టుకోడు. చేర్చుకున్ననాడే ఆయనకు అంతా తెలుసు.

పునరుత్థానం తరువాత జరిగిన రెండు కలయికలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ప్రభువు సీమోనుకు కనబడ్డాడని లూకా ఒక్క ముక్కలో చెబుతాడు, పౌలు కూడా కొరింథీయులకు అదే చెబుతాడు. అక్కడ వారిద్దరి మధ్య ఏ మాటలు జరిగాయో ఏ సువార్తికుడూ రాయలేదు. తిబెరియ సముద్ర తీరాన బొగ్గుల నిప్పుల ఎదుట, తోటి శిష్యులు వింటూ ఉండగా జరిగిన సంభాషణను మాత్రం యోహాను ప్రతి మాటా రాశాడు. మొదటిది ఎవరికీ చెప్పనవసరం లేనిది. రెండవది అందరూ వినవలసినది, ఎందుకంటే పేతురు బొంకింది ప్రధానయాజకుని ముంగిట, నలుగురి ఎదుట. దీనినిబట్టి నేను నేర్చుకున్న సూత్రం ఇది: పాపం ఎంత మేర పాకిందో ఒప్పుకోలు అంత మేరకు వెళ్లాలి. తలంపులో చేసిన పాపాన్ని దేవుని ఎదుట ఒప్పుకుంటే చాలు. దానిని మైకు ముందు వివరించి, విన్నవారి మనసులు పాడుచేయడం భక్తి కాదు. భార్యకు చేసిన ద్రోహాన్ని భార్య ఎదుట ఒప్పుకోవాలి. సంఘం ఎరిగిన పాపాన్ని సంఘం ఎదుట ఒప్పుకోవాలి.

పేతురు కథ అక్కడ ముగిసి ఉంటే మనకు సులువుగా ఉండేది. ఆత్మను పొంది, పెంతెకొస్తు దినాన ప్రసంగించి, కొర్నేలి ఇంట అన్యులతో భోజనం చేసిన పేతురు, అంతియొకయలో యాకోబు దగ్గరనుండి కొందరు రాగానే భయపడి, అన్యజనులైన విశ్వాసుల పంక్తిలోనుండి లేచి వేరుగా కూర్చున్నాడు. మళ్లీ అదే పాతకాలపు భయం, మనుష్యుల భయం. గలతీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు అతణ్ణి అందరి ఎదుటా ముఖాముఖిగా నిలదీశాడు. పంక్తి భేదం అంటే ఏమిటో తెలిసిన మన దేశంలో, బాప్తిస్మం తరువాత కూడా కులం చూసి సంబంధాలు కలుపుకునే, కులం చూసి సంఘ పెద్దల్ని ఎన్నుకునే మనకు, ఈ సంఘటన మిగతా అందరికంటే బాగా అర్థం కావాలి. మనం దానిని పాపంగా ఎంచడం కూడా మానేశాం గనుక, దానికి క్షమాపణ అడిగినవారు నాకు చాలా అరుదుగా కనిపిస్తారు. అంతియొకయలో పేతురుకు కృప ఏ రూపంలో వచ్చింది? ఒక సహోదరుని గద్దింపు రూపంలో వచ్చింది. అప్పుడు పౌలు మౌనంగా ఊరుకొని ఉంటే, అది మర్యాద అనిపించుకునేది గాని ప్రేమ కాదు.

ఇక్కడ, పాపాన్ని వదలనని నిశ్చయించుకున్నవాని సంగతి చెబుతానన్నాను. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అని రోమా పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు అడిగి, "అట్లనరాదు" అన్నాడు. పాపం విషయంలో చనిపోయినవారం ఇంకా దానిలో ఎలా బ్రతుకుతాం అన్నది ఆయన ఇచ్చిన కారణం. పడిపోవడం వేరు, అక్కడే ఇల్లు కట్టుకోవడం వేరు. తన పాపాన్ని చూసి ఏడ్చేవానికి భయపడవలసింది ఏమీ లేదు. ఎలాగూ క్షమిస్తాడులే అని లెక్క వేసుకొని పాపానికి బయలుదేరేవానికి, ఆ లెక్కే ఒక ప్రమాద సూచన. అతడు బల్లకు ముందు చేయవలసిన పని ఆ పాపాన్ని విడిచిపెట్టడం, విడిచిపెట్టలేకపోతే కనీసం ఒక నమ్మకమైన పెద్ద దగ్గర దాని పేరు పెట్టి చెప్పడం. "నా బలహీనత కొరకు ప్రార్థించండి" అని చెప్పడం పేరు పెట్టడం కాదు. ఆ మాట వెనుక ఏమైనా దాక్కోవచ్చు.

క్షమాపణ పొందినంత మాత్రాన పాపం ఫలితాలన్నీ తొలగిపోవని దావీదు చరిత్ర చెబుతుంది. దావీదు రాజు తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబతో పాపం చేసి, ఊరియాను చంపించాడు. నాతాను ప్రవక్త ఎదుట దావీదు ఆ పాపం ఒప్పుకున్న క్షణంలోనే యెహోవా నీ పాపమును పరిహరించెనని జవాబు వచ్చింది. మధ్యలో ఒక్క రోజు గడువు కూడా లేదు. కాని ఆమెకు పుట్టిన బిడ్డ చనిపోయాడు, ఖడ్గం అతని ఇంటిని విడువలేదు, కుమారులు ఒకరినొకరు చంపుకున్నారు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు వంశావళి చదివేటప్పుడు ఒకచోట ఆగండి. సొలొమోను తల్లి పేరు బత్షెబ అని అక్కడ లేదు. "ఊరియా భార్యగానుండిన ఆమె" అని ఉంది. వెయ్యేళ్లు గడిచాక కూడా పరిశుద్ధాత్మ ఆ చంపబడిన సైనికుని పేరును చెరిపివేయలేదు, ఆ పేరు మీదుగానే రక్షకుని వంశాన్ని నడిపించాడు. కృప గురించి బోధించే మనం పాపం చేసినవాని కన్నీళ్లను చూసినంతగా, అతనివల్ల నష్టపోయినవారి కన్నీళ్లను చూడం. చీటీ డబ్బు ఎగవేసినవాడు మోకరించి ఏడ్చి లేచి, నాకు సమాధానం దొరికిందంటాడు. ఆ డబ్బు మీద కూతురి పెళ్లి పెట్టుకున్న విధవరాలికి ఏమి దొరికింది? లేవీయకాండం ఆరవ అధ్యాయంలో, పొరుగువాని సొమ్ము అన్యాయంగా తీసుకున్నవాడు దానిని పూర్తిగా తిరిగి ఇచ్చి, అయిదవ వంతు అదనంగా కలిపి చెల్లించి, ఆ తరువాత బలి తీసుకురావాలని ఉంది. కొండమీది ప్రసంగంలో ప్రభువు కూడా అర్పణను బలిపీఠం ఎదుట విడిచిపెట్టి మొదట సహోదరునితో సమాధానపడమన్నాడు. తిరిగి చెల్లించడం క్షమాపణకు వెల కాదు; సుంకరి జక్కయ్య ఇంటికి ప్రభువు వచ్చిన తరువాతే అతడు నాలుగంతలు ఇస్తానన్నాడు. కాని ఇంటికి వచ్చిన ప్రభువు పెట్టె తెరిపించకుండా వెళ్లడు.

హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయం చదివి, నాకిక మార్గం లేదేమోనని వణికే విశ్వాసులను నేను ఎరుగుదును. నొవేషియన్ పక్షానికి కూడా ఆ వచనాలే బలం. ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవారిని మారుమనస్సు పొందునట్లు నూతనపరచడం అసాధ్యమని అక్కడ ఉంది. రక్షణ పోగొట్టుకొనే అవకాశం ఉందని మెథడిస్టులు, పెంతెకొస్తువారు ఒక విధంగా, నిజమైన విశ్వాసిని దేవుడు కడవరకూ కాపాడతాడని బాప్టిస్టులలో అనేకులు మరొక విధంగా దానిని వివరిస్తారు. మన తెలుగు సంఘాలలో ఈ రెండూ వినబడతాయి, ఈ సాయంకాలం నేను ఆ తగవు తీర్చబోవడం లేదు. రెండు పక్షాలూ ఒప్పుకునే సంగతి ఒకటి ఉంది. ఆ వచనాలు క్రీస్తును బాహాటంగా త్రోసివేసి, తిరిగి రావాలన్న కోరికే లేనివారిని గురించినవి. అక్కడే మూడు వచనాల తరువాత ఆ రచయిత తన పాఠకులను "ప్రియులారా" అని పిలిచి, మీ విషయంలో మేము ఇంతకంటె మంచి సంగతులనే నమ్ముతున్నామన్నాడు. అంతకు ముందు నాలుగవ అధ్యాయంలో, మన బలహీనతలయందు మనతో సహానుభవం గల ప్రధానయాజకుడు ఉన్నాడు గనుక ధైర్యంతో కృపాసనం దగ్గరికి రమ్మన్నవాడూ ఆయనే. వణుకుతూనైనా రావాలనుకునేవాడు ఆ హెచ్చరిక ఉద్దేశించిన మనిషి కాదు.

చివరిగా సంఘ పెద్దలతో ఒక మాట. కొరింథు సంఘంలో శిక్ష పొందిన ఒకని గురించి పౌలు రెండవ పత్రికలో, ఎక్కువమంది వేసిన ఆ శిక్ష చాలు, ఇక అతణ్ణి క్షమించి ఆదరించండి, లేకపోతే అత్యధికమైన దుఃఖంలో మునిగిపోతాడు అని రాశాడు. శిక్షకు మొదలు ఉన్నట్లే ముగింపు కూడా ఉండాలి, ఆ ముగింపును సంఘం నోరు తెరిచి ప్రకటించాలి. తిరిగి వచ్చినవాణ్ణి ఏళ్ల తరబడి కనిపెట్టి చూస్తూ ఉండడం, పెళ్లి చూపుల దగ్గర అతని పాత సంగతి ఎత్తడం, ప్రతి ఉజ్జీవ కూటంలో అతణ్ణి ఉదాహరణగా వాడుకోవడం, ఇవన్నీ ప్రకటించని శిక్షలు.

అయితే సహవాసంలోకి చేర్చుకోవడం, పరిచర్య బాధ్యత అప్పగించడం ఒకటి కాదు. పేతురును ప్రభువు కొన్ని వారాలలోనే నిలబెట్టాడు గదా అని కొందరు అడుగుతారు. ప్రభువు హృదయాలను ఎరిగినవాడు, మనం ఎరగం. అందుకే త్వరపడి ఎవనిమీదనైనా హస్తనిక్షేపణం చేయవద్దని, అంటే చేతులుంచి పరిచర్యకు నియమించవద్దని, పౌలు తిమోతిని హెచ్చరించాడు. డబ్బు విషయంలో పడిపోయిన సహోదరుడు పశ్చాత్తాపపడితే, ఈ ఆదివారమే ప్రభు బల్ల దగ్గర అతనికి చోటు ఉంది. కానుక పెట్టె తాళం మాత్రం చాలాకాలం వేరొకరి దగ్గర ఉండనివ్వండి, దానిలో అతనికి అవమానం లేదు, అతని మేలే ఉంది. పిల్లలకు కీడు చేసినవాని విషయంలో ఇంకా స్పష్టంగా ఉండాలి. పిల్లలను లైంగిక నేరాల నుండి కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం అటువంటి నేరం తెలిసినవారు పోలీసులకు తెలపడం విధి. సంఘంలో ప్రార్థించి సర్దుబాటు చేశామనడం ఆ విధిని తీర్చదు. అతడు జైలులో పశ్చాత్తాపపడితే అక్కడికి వెళ్లి వాక్యం చెప్పండి, క్షమాపణ ప్రకటించండి, విడుదలైన తరువాత బల్లకు చేర్చుకోండి. పిల్లల మధ్య పరిచర్య మాత్రం అతనికి మరెన్నడూ అప్పగించకండి.